సరిహద్దు దాటితే హక్కు చెల్లదా?

ఎండలు ముదిరేసరికి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో గోదావరి ఒడ్డున ఉన్న మిర్చి తోటలకు మనుషులు కావాలి. ఆ మనుషులు ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల నుంచి వస్తారు. వారిలో కొందరు కోతల కాలానికి వచ్చి, కూలి మూట కట్టుకుని తిరిగి వెళ్ళిపోతారు. మరికొందరు దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం వచ్చి, వెళ్ళడానికి ఊరు మిగలక ఇక్కడే ఉండిపోయారు. మొదటివారిని వలస కూలీలంటాం. రెండవవారిని ఏమని పిలవాలో మన చట్టం ఇప్పటికీ తేల్చుకోలేదు. జనం వాడుకలో వారు గొత్తికోయలు. తమను తాము చెప్పుకునేటప్పుడు మురియా, దోర్ల, కోయితూర్ అంటారు. పేరు ఏదైనా, వారికి పని దొరుకుతున్నది. పనితో పాటు రావలసిన హక్కు మాత్రం దొరకడం లేదు. ఈ వ్యాసంలో నేను చర్చించదలచింది ఆ తేడానే.

చరిత్ర క్లుప్తంగా గుర్తు చేసుకుందాం. 2005 జూన్‌లో అప్పటి ఉమ్మడి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు ఆయుధాలు పట్టిన ఆ దళాలు, వాటి వెనుక ప్రభుత్వం, మరోవైపు మావోయిస్టులు. ఊళ్ళు తగలబడ్డాయి, ధాన్యం బూడిదైంది, మనుషులు చనిపోయారు. 644 గ్రామాలు ఖాళీ అయ్యాయన్నది ఆ కాలం గురించి తరచూ ఉటంకించే లెక్క. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. శిబిరానికి పోవడం ఇష్టం లేనివారు, అడవిలో ఉండడానికి భయపడినవారు దక్షిణ దిశగా నడిచి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాల అడవులకు చేరారు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న నందినీ సుందర్ కేసులో తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది కానీ, తగలబడిన ఇళ్ళు తిరిగి లేవలేదు. ఇలా చెల్లాచెదురైనవారు యాభై వేలకు అటూ ఇటూగా ఉంటారని స్వచ్ఛంద సంస్థల అంచనా. ప్రభుత్వాల వద్ద అందరూ ఒప్పుకునే లెక్క లేదు. లెక్కలో లేనివారికి పథకం ఉండదన్నది పాలనలో పాత సూత్రం.

శరణార్థి అనే మాటకు అంతర్జాతీయ చట్టంలో ఒక కొలత ఉంది. 1951 నాటి ఒడంబడిక ప్రకారం దేశ సరిహద్దు దాటినవాడే శరణార్థి. భారతదేశం ఆ ఒడంబడికపైనా, 1967 నాటి అనుబంధ పత్రంపైనా సంతకం చేయలేదు. దేశంలోనే ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి ప్రాణభయంతో పారిపోయినవారి కోసం మనకు ప్రత్యేక చట్టం కూడా లేదు. వారు పౌరులే కదా, పౌరులకు దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు, ఏ వృత్తినైనా చేపట్టే హక్కు 19వ అధికరణం ఇచ్చింది కదా అని మనం సరిపెట్టుకుంటాం. ఆ సమాధానం ఆస్తి, చదువు, పరపతి వెంట తెచ్చుకున్నవారికి సరిపోతుంది. బెంగళూరు నుంచి హైదరాబాదుకు వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రాష్ట్ర సరిహద్దు కనిపించనే కనిపించదు. ఆదివాసీకి, దళితుడికి మాత్రం అది నిలువెత్తు గోడ. ఎందుకంటే వారి హక్కుల్లో ప్రధాన భాగం ఒక జాబితాకు కట్టుబడి ఉంది, ఆ జాబితా ఒక రాష్ట్రానికి కట్టుబడి ఉంది.

రాజ్యాంగంలోని 341, 342 అధికరణాలు షెడ్యూల్డ్ కులాలను, తెగలను ఆయా రాష్ట్రాలకు సంబంధించి నోటిఫై చేయమన్నాయి. మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని విడమరచి చెప్పింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగకు చెందిన వ్యక్తి మరొక రాష్ట్రానికి వలస వెళితే ఆ హోదా వెంట రాదన్నది. విచిత్రమేమిటంటే ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్ నుంచి ముంబయికి వెళ్ళిన కుటుంబంలోని తెలుగు విద్యార్థి. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అదే మాట తిరిగి చెప్పింది. ఈ వాదనలో తర్కం లేకపోలేదు. వెనుకబాటుతనం ప్రాంతాన్ని బట్టి మారుతుంది; ఒక రాష్ట్రంలో అణగారిన సమూహం కోసం కేటాయించిన వాటాను పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినవారు పట్టుకుపోకూడదు. కానీ ఈ తర్కం ఇష్టపడి బయలుదేరినవాడిని దృష్టిలో పెట్టుకుని అల్లినది. ఇల్లు తగలబడి పరుగెత్తినవాడు దాని ఊహలో లేడు.

దీని ఫలితం చూడండి. ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండు తెగ కింద మురియా, దోర్ల పేర్లు రెండూ ఉన్నాయి. మన జాబితాలో కోయల ఉపశాఖల మధ్య ‘గుట్ట కోయ’ అన్న పేరు ఉంది. అడవి ఒకటే, వేల్పులూ పండుగలూ దగ్గరివే, భాషలు అక్కచెల్లెళ్ళ వంటివి. పెళ్ళి సంబంధాలు ఏరుకు ఇటూ అటూ నడిచిన చరిత్ర ఉంది. అయినా ఏరు దాటగానే ఒకడు షెడ్యూల్డ్ తెగ, మరొకడు ‘వలస ఆదివాసీ’. వివక్ష వెంట వచ్చింది, ధ్రువపత్రం వెనకే ఉండిపోయింది. వలస వచ్చిన కుటుంబానికి పత్రం ఇవ్వడానికి కేంద్రం సూచించిన దారి ఒకటి ఉంది. స్వరాష్ట్రంలో తండ్రికి ఇచ్చిన అసలు పత్రం చూపితే, ఇక్కడి అధికారి అతని మూలాన్ని పేర్కొంటూ పత్రం ఇవ్వవచ్చు. ఆ పత్రం కేంద్ర ఉద్యోగాలకు, స్వరాష్ట్ర ప్రయోజనాలకు పనికివస్తుంది. అయితే ఇంటితో పాటు కాలిపోయిన పత్రాన్ని ఎక్కడి నుంచి తేవాలి? అసలు ఎన్నడూ తహసీల్దారు గుమ్మం ఎక్కని తండ్రి పేర ఉన్న పత్రాన్ని ఏ బీరువాలో వెతకాలి?

ఉద్యోగం అనగానే మనకు నియామక పత్రం గుర్తుకువస్తుంది. అట్టడుగున ఉన్న కుటుంబానికి ఉపాధి ఒక నిచ్చెన. మొదటి మెట్టు ఉపాధి హామీ పని. రెండవది తునికాకు, వెదురు, ఇప్పపువ్వు వంటి అటవీ ఫలసాయం మీద హక్కు. మూడవది అంగన్‌వాడీ, ఆశా వంటి ఊరి కొలువులు. నాలుగవది పిల్లల హాస్టలు, గురుకులం, ఐటీఐ, ఐటీడీఏ శిక్షణ. ఆపైన సర్కారు కొలువు. వీరిలో చాలామందికి ఆధార్ కార్డు ఉంది, ఓటరు కార్డు ఉంది. ఎన్నికల నాడు వీరు స్థానికులు. పై మెట్లకు వచ్చేసరికి ఒక్కో ఆవాసంలో ఒక్కో న్యాయం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం జాబ్‌కార్డుకు కులపత్రం అడగలేదు. గ్రామీణ ప్రాంతంలో నివసించే కుటుంబం, ఒళ్ళు వంచి పనిచేయడానికి సిద్ధపడే వయోజనులు ఉంటే చాలన్నది. గ్రామీణ ఉపాధి చట్టం పేరు మారినా, రోజుల సంఖ్య మారినా ఆ సూత్రం మారకూడదు. కానీ అడవి మధ్య ఉన్న గుడిసెల గుంపును ఆవాసంగానే గుర్తించనప్పుడు అక్కడ నివసించేవారు ‘నివాసులు’ ఎలా అవుతారు?

భూమి విషయానికి వస్తే తేదీలే శత్రువులు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారికి హక్కు కల్పించింది. పునరావాసం లేకుండా చట్టవిరుద్ధంగా అడవి నుంచి వెళ్ళగొట్టబడినవారికి ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలన్న ఉదారమైన నిబంధన కూడా ఆ చట్టంలో ఉంది. అదీ ఆ తేదీకి ముందు వెళ్ళగొట్టబడినవారికే. సల్వాజుడుం మొదలైంది ఆ తేదీకి ఆరు నెలల ముందు. ఊళ్ళు ఖాళీ అవడం ఆ తరువాతా ఏళ్ళ తరబడి సాగింది. అంటే అక్కడ పోగొట్టుకున్న భూమికీ ఈ చట్టం వర్తించడం కష్టమే, ఇక్కడ కొట్టుకున్న పోడుకూ వర్తించడం కష్టమే. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ సిబ్బంది గుడిసెలు కూల్చినప్పుడు ఈ శూన్యం ఎంత లోతైనదో లోకానికి తెలిసింది.

భూమి లేదు, పత్రం లేదు. ఇక మిగిలేది మిర్చి తోట. ఆ తోటలో బడి ఈడు పిల్లలూ కనిపిస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ కాలాన ములుగు జిల్లా మిర్చి పనుల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారుల్లో నడుస్తూ, ఇల్లు చేరబోయేముందు ఒక పన్నెండేళ్ళ ఆదివాసీ బాలిక ప్రాణం విడిచింది. ఆ వార్త దేశాన్ని రెండు రోజులు కలచివేసింది. పన్నెండేళ్ళ పిల్ల మిర్చి తోటలో ఎందుకుందన్న ప్రశ్న అంతకంటే తక్కువ కాలమే నిలిచింది.

ఇంతవరకూ చెప్పింది ఒక పక్షం. ఈ పక్షాన్ని మాత్రమే చెప్పి ఊరుకునే మానవతావాదంతో నాకు పేచీ ఉంది. ఆశ్రయమిచ్చిన సమాజం ఎవరు? ములుగు, కొత్తగూడెం ఏజెన్సీలోని కోయలు. ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం, ఎటపాక మండలాల్లోని కోయలు, కొండరెడ్లు. వీరేమీ ధాన్యపు కొట్లు నిండి ఉన్నవారు కారు. ఏజెన్సీ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వచ్చిన మూడవ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. చదువుకున్న కోయ యువతకు అందుబాటులో ఉన్న ప్రధానమైన కొలువు దారి దాంతో ఇరుకైంది. 2014లో పోలవరం కోసం మండలాలను రాష్ట్రం మార్చారు. ఆ మండలాల్లోని ఎన్నో ఊళ్ళు ముంపు జాబితాలో ఉన్నాయి. ఆశ్రయమిచ్చినవాడే రేపు నిర్వాసితుడు కాబోతున్న చోటు ప్రపంచంలో ఇంకెక్కడుంటుందో నాకు తెలియదు.

వారి భయానికి మరొక మూలం కూడా ఉంది. 1976 సవరణ చట్టం తరువాత తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. మహారాష్ట్రలో ఆ సమూహం ఆ జాబితాలో లేదు. సరిహద్దు దాటి వచ్చినవారు తమ వాటా తీసుకుపోయారని ఆదిలాబాద్ గోండులు, కోయలు దశాబ్దాలుగా అంటున్నారు. 2017లో ఆ ఆగ్రహం వీధికెక్కింది. ఆ వివాదంలో ఎవరి వాదన ఎంత నిజమన్నది వేరే చర్చ. కానీ ‘కొత్తగా ఎవరినైనా జాబితాలో చేర్చితే మా పిల్లలకు ఏం మిగులుతుంది’ అన్న కోయ తండ్రి ప్రశ్నను సంకుచితత్వమని కొట్టిపారేయలేం. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురైనప్పుడు, నేరం చేసిన వ్యక్తులను శిక్షించమని అడగడంతో ఆగకుండా, వలస ఆదివాసీలందరినీ వెనక్కి పంపమని స్థానిక పంచాయతీ తీర్మానం చేసింది. ఒకరి నేరానికి తెగ మొత్తాన్ని బాధ్యులను చేసే ఆ పద్ధతి ఒకప్పుడు నేరస్థ తెగల చట్టం చేసిన పనే. ఇప్పుడది ఆదివాసీ నోటి నుంచే వచ్చిందంటే వాటా కుంచించుకుపోయిన చోట సోదరత్వం ఎంత బలహీనపడుతుందో అర్థమవుతుంది.

ఈ తగాదాలో లాభపడేది ఎవరు? కోయకూ కాదు, గొత్తికోయకూ కాదు. పత్రం లేని కూలీ తక్కువ కూలికి ఒప్పుకుంటాడు. అతడు ఒప్పుకున్న కూలి పక్క ఊరి కోయ కూలీకి కూడా రేటవుతుంది. ఒకటి బై డెబ్బై చట్టం అమల్లో ఉన్న ఏజెన్సీలోనే గిరిజనేతరుల చేతుల్లో ఎంత సాగు నడుస్తున్నదో తెలియనిదెవరికి? శరణార్థికి హక్కు లేకపోవడం ఆశ్రయదాతకు రక్షణ అని మనం అనుకుంటాం. వాస్తవంలో అది ఇద్దరి కూలినీ దించే సాధనం. ఈ ఒక్క విషయం కోయ యువజన సంఘాలు గ్రహిస్తే చర్చ దిశే మారుతుంది.

ఇలాంటి కథ తెలంగాణకు కొత్తది కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కాగజ్‌నగర్ వద్ద ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ ప్రాంతాలకు వెళితే బెంగాలీ మాట్లాడే పల్లెలు కనిపిస్తాయి. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల పల్లెలవి. వారిలో అత్యధికులు నామశూద్రులు, మతువా సంప్రదాయం వారు, బెంగాల్‌లో దళితులు. 1946లో బొంబాయి నుంచి రాజ్యాంగ సభకు వెళ్ళే దారి మూసుకుపోయినప్పుడు అంబేడ్కర్‌ను బెంగాల్ నుంచి గెలిపించి పంపింది జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెనుక నిలిచిన నామశూద్ర రాజకీయమే. రాజ్యాంగ రచయితను రాజ్యాంగ సభకు పంపిన ఆ సమాజం విభజన తరువాత చెదిరిపోయింది. భూమీ బంధువులూ ఉన్న పై కులాల కాందిశీకులు కలకత్తా చుట్టుపక్కల స్థిరపడగలిగారు. ఏమీ లేని నామశూద్రులను 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు పేరిట కోరాపుట్, బస్తర్ అడవులకు పంపారు. అక్కడ ఇమడలేక 1978లో వేలమంది సుందర్‌బన్స్‌లోని మరీచ్‌ఝాపి దీవికి తిరిగివెళితే, 1979లో వారిని దిగ్బంధించి, బలప్రయోగంతో ఖాళీ చేయించారు.

ఆ నామశూద్రులు పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డ్ కులం, ఒడిశాలో షెడ్యూల్డ్ కులం. ఛత్తీస్‌గఢ్‌లో కాదు, తెలంగాణలో కాదు. ఒకే పడవలో వచ్చిన అన్నదమ్ములను ప్రభుత్వం రెండు శిబిరాలకు పంపితే ఒకరి మనుమడికి రిజర్వేషన్ ఉంది, ఇంకొకరి మనుమడికి లేదు. తాము ఎంచుకోని శిబిరమే వారి కులాన్ని నిర్ణయించింది. వీరిని ఎస్సీ జాబితాలో చేర్చాలని తెలంగాణ శాసనసభ 2023 ఫిబ్రవరిలో తీర్మానించింది. అయితే జాబితా మార్చే అధికారం పార్లమెంటుది. రేపు చేర్చినా, 2025లో ఒకటి, తొమ్మిది, అయిదు శాతాలుగా వర్గీకరించిన ఎస్సీ వాటాలో వీరిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వస్తుంది. కాగజ్‌నగర్ మాల, మాదిగ, నేతకాని యువకుల అభిప్రాయం అడగకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అన్యాయం. ఆ ప్రశ్న ఉందన్న సాకుతో మూడు తరాలుగా ఎదురుచూస్తున్నవారిని ఇంకా ఆపడమూ అన్యాయమే.

దండకారణ్య ప్రాజెక్టులో ఒక మంచి ఆలోచన ఉండేది. సాగుకు తెచ్చిన భూమిలో నాలుగోవంతు స్థానిక ఆదివాసీలకు ఇవ్వాలన్నది ఆ నియమం. కాందిశీకుడి కోసం తెరిచిన భూమిలో ఆశ్రయదాతకూ వాటా ఉండాలని 1950లలోనే మన ప్రభుత్వానికి తోచింది. ఆచరణ సంగతి వేరు. ఆదివాసీ, కాందిశీకుల మధ్య పుండు ఆ ప్రాంతాల్లో ఇప్పటికీ మానలేదు. అయినా సూత్రం సరైనది. అదే సూత్రాన్ని నేడు ఉగాండా పాటిస్తున్నది. పదిహేను లక్షలకు పైగా శరణార్థులున్న ఆ పేద దేశం 2006 శరణార్థుల చట్టం ద్వారా వారికి పనిచేసే హక్కు ఇచ్చింది, ఊరి పక్కనే సాగుకు భూమి ముక్క చూపింది. శరణార్థుల కోసం వచ్చే సహాయంలో సుమారు 30 శాతం ఆతిథ్య సమాజానికి చెందాలన్న నియమం పెట్టుకుంది. ఒకే బడి, ఒకే ఆస్పత్రి, ఒకే బోరుబావి. నిధులు తగ్గినప్పుడల్లా అక్కడా ఉద్రిక్తతలు పెరుగుతున్నాయి. కానీ ‘వారి వల్ల మాకూ బడి వచ్చింది’ అనగలిగే పొరుగువాడు అక్కడ ఉన్నాడు.

జోర్డాన్ అనుభవం మరొక పాఠం చెబుతుంది. 2016 ఫిబ్రవరిలో లండన్ సదస్సులో కుదిరిన ఒప్పందం ప్రకారం సిరియా శరణార్థులకు రెండు లక్షల వరకూ పని అవకాశాలు కల్పిస్తామని జోర్డాన్ మాట ఇచ్చింది. ప్రతిగా నిర్ణీత శాతం శరణార్థులను పనిలో పెట్టుకున్న కర్మాగారాల సరుకుకు యూరప్ మార్కెట్లో సడలింపులు దక్కాయి. ప్రారంభంలో ఆ కర్మాగారాలు అనుకున్నంతగా నడవలేదు. అవి శిబిరాలకు, పట్టణాలకు దూరం. ఆడవాళ్ళకు రాకపోకలు కష్టం. అనుమతి పత్రం ఒక్క యజమానికే కట్టుబడి ఉండడం వల్ల కూలి గురించి నోరెత్తితే పత్రమే పోయే ప్రమాదం. తరువాత వ్యవసాయంలో సహకార సంఘాల ద్వారా, నిర్మాణ రంగంలో కార్మిక సమాఖ్య ద్వారా యజమానితో ముడిలేని అనుమతులు ఇచ్చాకే పరిస్థితి కొంత మెరుగుపడింది. యజమాని చేతిలోని పత్రం కంటే సంఘం చేతిలోని పత్రం కూలీకి ఎక్కువ స్వేచ్ఛనిస్తుందన్నది ఆ పాఠం. మిర్చి మేస్త్రీల చేతుల్లో చిక్కిన గొత్తికోయ కూలీకి కూడా ఇదే వర్తిస్తుంది.

మన దేశంలోనూ ముందడుగులు లేకపోలేదు. 1969లో బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చినవారి కోసం ప్రత్యేకంగా రెప్కో బ్యాంకు పెట్టారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు నేటికీ నిలిచి ఉంది. రంగూన్ నుంచి ఉత్తి చేతులతో వచ్చిన తెలుగువారిని మనం పరాయివారని అనలేదు. మిజోరం నుంచి త్రిపురకు పారిపోయిన బ్రూ తెగవారు సుమారు 34 వేలమందిని త్రిపురలోనే స్థిరపరచడానికి 2020 జనవరిలో ఒప్పందం కుదిరింది. సుమారు 600 కోట్ల రూపాయల ప్యాకేజీలో ఇంటిస్థలం, నాలుగు లక్షల రూపాయల డిపాజిట్, రెండేళ్ళపాటు నెలకు అయిదు వేలు, రేషన్ ఉన్నాయి. ఆ ఏడాది నవంబరులో స్థానికుల ఆందోళన, పోలీసు కాల్పులు జరిగాయన్నదీ మరువరాదు. ఆశ్రయదాతను చర్చలో కూర్చోబెట్టని పునరావాసానికి ఎదురయ్యేది అదే. ఇక 1990లో లోయ విడిచిన కశ్మీరీ నిర్వాసితుల పిల్లలకు దేశవ్యాప్తంగా కళాశాలల్లో ఉన్న సీట్లకు అదనంగా సీట్లు ఇచ్చారు, స్థానికత నిబంధన తొలగించారు. 2008, 2015 ప్రధానమంత్రి ప్యాకేజీల కింద ఆరు వేల ప్రభుత్వ ఉద్యోగాలు ప్రకటించారు.

కశ్మీరీ పండితుల దుఃఖం నిజమైనది, వారికి దక్కింది న్యాయమే. నేను అడుగుతున్నది ఒక్కటే: అదే కొలమానం సుక్మా నుంచి వచ్చిన మురియాకు ఎందుకు వర్తించదు? ఇద్దరూ పౌరులే, ఇద్దరూ తుపాకుల మధ్య ఇల్లు విడిచినవారే. ఒకరి నిర్వాసం జాతీయ విషాదమైంది, మరొకరి నిర్వాసం అటవీ ఆక్రమణ కేసైంది. దేశానికి తన దుఃఖాన్ని వినిపించగల భాష, పత్రిక, పదవి ఎవరికున్నాయన్నదే ఇక్కడ తేడా. ఆ తేడాకు కులం అని పేరు.

మరి చేయవలసిందేమిటి? మొదటిది, లెక్క. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు ఉమ్మడిగా, గ్రామసభల సమక్షంలో సర్వే చేసి, ప్రతి కుటుంబానికి నిర్వాసిత పత్రం ఇవ్వాలి. ఉపాధి పని, రేషన్, బడి, బ్యాంకు ఖాతాలకు అది చాలాలి. ఈ పత్రం స్థానిక ఎస్టీ కోటాను తాకదని మొదటి వాక్యంలోనే రాయాలి. పని హక్కును రిజర్వేషన్ హక్కు నుంచి వేరు చేసి చూడడం ఈ చిక్కుముడికి మొదటి విడుపు. రెండవది, మూల ధ్రువీకరణ. తండ్రి పత్రం తెమ్మని కూలీని సుక్మాకు పంపే బదులు ఇక్కడి తహసీల్దారే అక్కడి తహసీల్దారుకు రాసి తెప్పించాలి. తమ స్వరాష్ట్ర తెగగా గుర్తింపు పొందితే కేంద్ర కొలువులు, కేంద్ర విద్యాసంస్థల దారి ఈ పిల్లలకు తెరుచుకుంటుంది.

మూడవది, అదనపు సీట్లు. ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో, ఐటీఐల్లో నిర్వాసితుల పిల్లలకు ఇచ్చే ప్రతి సీటూ ఉన్నవాటికి అదనంగా ఉండాలి. కోయ పిల్ల సీటు ఒక్కటి కూడా తగ్గకూడదు. గొత్తికోయ ఆవాసాల్లో వారి భాష తెలిసిన యువతులనే అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలుగా తీసుకోవాలి. నాలుగవది, ఆశ్రయదాత వాటా. నిర్వాసితుల ఆవాసంపై ఖర్చుచేసే నిధుల్లో నిర్ణీత భాగం ఆ పంచాయతీలోని పాత ఊళ్ళకు చెందాలి. అంతకంటే ముఖ్యం, కొట్టివేతకు గురైన మూడవ నంబరు జీవో స్థానంలో న్యాయపరీక్షకు నిలిచే చట్టం తెచ్చి ఏజెన్సీ కొలువుల్లో స్థానిక గిరిజనులకు అత్యధిక వాటా పునరుద్ధరించాలి. కోయల వాటా భద్రంగా ఉన్నప్పుడే గొత్తికోయకు చోటివ్వమని అడిగే నైతిక హక్కు ప్రభుత్వానికి ఉంటుంది.

అయిదవది, ఉమ్మడి సంఘం. తునికాకు సేకరణకు, వెదురు కోతకు, మిర్చి పనులకు స్థానికులు, నిర్వాసితులు కలిసిన కార్మిక సహకార సంఘాలు ఏర్పడాలి. కూలి రేటు సంఘమే మాట్లాడాలి, అందరికీ ఒకటే రేటు ఉండాలి. 1956 నుంచి ఏజెన్సీ సంతల్లో ఫలసాయం కొంటున్న గిరిజన సహకార సంస్థ, తెలంగాణలోని దాని వారసత్వ సంస్థ ఈ సంఘాలకు కొనుగోలు హామీ ఇవ్వాలి. మేస్త్రీ అడ్వాన్సులకు బదులు సంఘం నుంచి చిన్న అప్పు దొరికితే, పిల్లను తోటకు పంపకుండా బడికి పంపే కుటుంబాలు పెరుగుతాయి.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. ఇక్కడ సౌకర్యాలు కల్పిస్తే అక్కడి నుంచి ఇంకా వస్తారన్నది మొదటిది. సర్వేకు ఒక తేదీ పెట్టవచ్చు. పైగా తగలబడే ఊరి నుంచి పరుగెత్తేవాడు జాబ్‌కార్డు కోసం పరుగెత్తడు. రెండవది, మావోయిస్టు ఉద్యమాన్ని 2026 మార్చి 31 నాటికి ముగిస్తామని కేంద్రం గడువు ప్రకటించింది కనుక వీరిని ఇక తిరిగి పంపవచ్చన్నది. వెళ్ళగోరేవారికి దారి తెరవవలసిందే. కానీ తిరిగి వెళ్ళడమంటే లారీ ఎక్కించి దింపిరావడం కాదు. వారి పాత భూమికి పట్టా, ఊరికి బడి, ప్రాణానికి భరోసా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలో తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లలకు నేడు ఇరవై ఏళ్ళు. వారికి సుక్మా తల్లి చెప్పిన కథ మాత్రమే. వెళ్ళాలా, ఉండాలా అన్నది వారు నిర్ణయించుకోవలసిన విషయం.

దళిత, ఆదివాసీ ఉద్యమాల్లో పనిచేస్తున్న విద్యార్థులతో నేను తరచూ ఒక మాట అంటుంటాను. వాటా కోసం పోరాడడం అవసరం. వాటా ఎంత చిన్నదిగా ఉంచారో ప్రశ్నించకుండా దానిలోని గింజల కోసం ఒకరినొకరు తోసుకోవడం మాత్రం మనల్ని తోసినవారికే మేలు చేస్తుంది. కోయ, గొత్తికోయ, కాగజ్‌నగర్ నామశూద్రుడు, నేతకాని యువకుడు ఒకే సభలో కూర్చుని తమ పనీ కూలీ గురించి మాట్లాడుకున్న సందర్భాలు మన రాజకీయాల్లో బహు తక్కువ. అలాంటి సభ పెట్టడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు. రానున్న మిర్చి కోతల నాటికి ములుగులోనో, చింతూరులోనో విద్యార్థి సంఘాలు ఆ పనికి పూనుకోవాలి. ఆ సభ చేసే తీర్మానంలో మొదటి డిమాండు కోయల కొలువుల చట్టం కావాలి, రెండవది గొత్తికోయల నిర్వాసిత పత్రం కావాలి. ఆ రెండూ ఒకే కాగితం మీద ఉన్న రోజున ఏ ప్రభుత్వమూ ఒకదాన్ని చూపి మరొకదాన్ని తోసిపుచ్చలేదు.